సీటు కింద అంచు

మా బాపుకు ఒక పిచ్చి ఉంది. బట్ట అన్నాక దానికి అంచు ఉండి తీరాలంటాడు. చీరకు అంచు, పంచెకు అంచు, ఆఖరికి మొహం తుడుచుకునే తువ్వాలుకు కూడా అంచు. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఎలక్ట్రిక్ కారు సీటుకు తొడిగే బట్టకు కూడా అంచు ఉండాలన్నాడు చూడండి, అప్పుడు మొదలైంది మా ఇంట్లో లొల్లి.

సూరత్‌లో ఉన్ అనే పేట దగ్గర మాకొక ఖాతా ఉంది. ఖాతా అంటే లెక్కల పుస్తకం అనుకునేరు. ఇక్కడ మరమగ్గాలు నడిచే షెడ్డును ఖాతా అంటారు. బాపు మీసాలు రాకముందే కరీంనగర్ వైపు పల్లె నుంచి రైలెక్కి వచ్చాడు. ఎవరెవరి ఖాతాల్లోనో కూలికి మగ్గాలు నడిపి, చెవుల్లో సగం వినికిడిని ఆ చప్పుడుకే ఇచ్చేసి, చివరికి సొంతంగా ఎనిమిది మగ్గాలు పెట్టుకున్నాడు. రింగ్ రోడ్ మార్కెట్లకు చీరల బట్ట నేసి ఇచ్చేవాడు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను. లెక్కలు, ఫోన్లు, కొట్లాటలు నా పని. ముఖ్యంగా కొట్లాటలు. పుట్టగానే నేను ఏడవలేదట, మంత్రసానిని తిట్టానట. ఇంటికి ఎవరొచ్చినా మా అవ్వ, అంటే మా అమ్మ, మంచినీళ్లతో పాటు ఈ సంగతి కూడా ఇస్తుంది.

కొన్నేళ్ల కిందట సచిన్ అనే ఊరు దాటాక హైవే పక్కన ఒక ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ వెలిసింది. చేసేవి చిన్న కార్లే గానీ ఆశలు మాత్రం పెద్దవి. ఇక పెట్రోలు బంకుల్లో గడ్డి మొలుస్తుందన్నారు. ఆ కంపెనీలో సామాను కొనుగోళ్లు చూసే సాహెబ్ ఒకాయన సీట్ల బట్ట నేసేవాళ్ల కోసం వెతుక్కుంటూ మా ఖాతాకు వచ్చాడు. గుజరాతీ మనిషి, ముప్పై దాటి ఉండవు, కళ్లద్దాలు, చొక్కా జేబులో రెండు పెన్నులు. ఆయన మాతో మాట్లాడేది హిందీలో. ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

"మీరు మాకు సరుకిచ్చేవాళ్లు కాదు కాకా, పార్ట్‌నర్లు" అన్నాడు బాపుతో.

ఆ మాట బాపుకు ఎక్కడో తగిలింది. నెల తిరిగేలోపు పాత మగ్గాలన్నీ అమ్మేసి, మందపు బట్ట నేసే వెడల్పాటి మగ్గాలు ఎనిమిది తెచ్చి దించాడు. వాటి మీద చీరల బట్ట నేయడం కుదరదు. అంటే వెనక్కి వచ్చే దారి లేదన్నమాట. నేను ఒంటికాలి మీద లేచాను. "బాపూ, ఉన్నయన్నీ ఒక్క కంపెనీ మీద పెడ్తవా?" అని అరిచాను. "పార్ట్‌నరన్నడు గద బిడ్డా" అన్నాడాయన. కొత్త మగ్గాల పూజకు సాహెబ్ స్వయంగా వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. అవ్వ చేసిన సర్వపిండి తిన్నాడు. ఇంకొకటి అడిగాడు. దారిలో తినడానికి ఇంకొకటి కాగితంలో కట్టించుకున్నాడు. ఆ రోజు నుంచి మా అవ్వ ఆయన్ను సర్వపిండి సాబ్ అనే పిలిచింది.

మొదటి తాను మగ్గం దిగింది. బొగ్గు రంగు బట్ట, గట్టిగా, నునుపుగా చక్కగా ఉంది. విప్పి చూద్దును కదా, రెండు పక్కలా వేలెడు వెడల్పున ఎర్రటి అంచు! మగ్గం పక్కన రెండు చిన్న కండెలు బిగించి, వాటి నుంచి ఎర్రదారం పడుగులోకి పంపుతున్నాడు మా ఘనుడు.

"గిదేంది బాపూ?"

"అంచు."

"అంచని నాకు కనబడ్తలేదా? కారు సీటుకు అంచెందుకని అడుగుతున్న."

"బట్టకు అంచుండద్దా?"

"సీటు కిందికి మలిచి క్లిప్పులు కొడ్తరు. ఎవలు సూడొచ్చిన్రు?"

"ఎవలు సూడకుంటే బట్ట బట్ట గాకుండ పోతదా?"

అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "మీ బాపు కారుకు చీర కడ్తున్నడే. ఇగ రవికె గుడ్డ గిట్ల నెయ్యమను, బొట్టు పెట్టమను" అంది. ఆ తర్వాత చాలా రోజులు ఆయన అన్నానికి వస్తే చాలు, "ఓ అంచులయ్యా, పప్పుకు అంచు పెట్టాల్నా?" అని అడిగేది.  బాపు తినేసి పోయి ఎర్ర కండెలు మార్చుకునేవాడు.

సాహెబ్ చూడలేదా అంటే, చూశాడు. ఒకసారి టెంపోలోకి తానులు ఎక్కిస్తుంటే అంచు మీద ఆయన కన్ను పడింది. ఇదేంటి అని అడిగాడు. బాపు తన హిందీలో చెప్పాడు. సాహెబ్ చేయి ఊపేశాడు. "ఎలాగూ సీటు కిందికి పోతుంది కాకా, ఏముందిలే. మీరు తొందరగా పంపండి చాలు." ఆ రోజుల్లో బట్ట ఇంకా మగ్గం మీద ఉండగానే కంపెనీ టెంపో వచ్చి గేటు ముందు హారన్ కొట్టేది. పొద్దున ఒక ఫోను, మధ్యాహ్నం ఒక ఫోను, సాయంత్రం ఒక ఫోను. మా మేనమామ కూడా అన్నిసార్లు మా బాగోగులు అడగలేదు. మేం అంచుకు బదులు జరీ పెట్టి నేసినా ఆ రోజుల్లో తీసుకుపోయేవారు.

తర్వాత ఫోన్లు తగ్గాయి. పొద్దునది ముందు పోయింది, తర్వాత మధ్యాహ్నానిది. చివరికి మేమే ఫోన్ చేయాల్సి వచ్చింది.

"సాహెబ్, తానులు తయారుగా ఉన్నాయి, టెంపో పంపుతారా?"

"వచ్చే వారం చూద్దాం."

వచ్చే వారం అడిగితే, ఆ వచ్చే వారం అన్నాడు. తర్వాత సరుకు మీ దగ్గరే ఉంచండి, మా గోదాములో జాగా లేదు అన్నాడు. తర్వాత మీటింగులో ఉన్నానన్నాడు. ఆయన మీటింగులో ఉన్న రోజుల్లో మా ఖాతాలో బట్ట గోడల పొడుగునా పైకప్పు దాకా పేరుకుంది. నడవడానికి దారి లేక అవ్వ తానుల మధ్య నుంచి పక్కకు తిరిగి చాయ్ తెచ్చేది. "కార్లు కొనేటోళ్లు తగ్గిన్రట" అని మా పనివాళ్లు బయట చాయ్ బండి దగ్గర విని వచ్చారు. చార్జింగు ఎక్కడ దొరుకుతుందోనని భయమట. కొందరు ఇంకా చవకవుతాయేమోనని ఆగారట. మాకు కారూ లేదు, భయమూ లేదు. మగ్గాలు మాత్రం ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అప్పుడు దిగింది అసలు పిడుగు. అంతకు ముందెప్పుడో తీసుకుపోయిన బట్టను కంపెనీ టెంపో తిప్పి తెచ్చి మా గుమ్మంలో దింపేసింది. పైన ఒక కాగితం అంటించి ఉంది. బట్టకు రెండు వైపులా అనుమతి లేని ఎర్ర గీత ఉన్నందువల్ల సరుకు తిరస్కరించడమైనది అని దాని సారాంశం. నేను చదివి వినిపించాను.

"ఎర్ర గీతనా?" అంది అవ్వ. "పెన్నుతోని గీసినమా?"

 బాపు పోయి తన మగ్గం పక్కన కూర్చున్నాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది. ఆయన మీదా, కంపెనీ మీదా, ఆ దిక్కుమాలిన ఎర్రదారం మీదా ఒకేసారి మండింది. చెప్పులేసుకుని సచిన్ వైపు షేర్ ఆటో ఎక్కాను.

కంపెనీలో సరుకిచ్చే వాళ్ల కోసం ఒక గది ఉంటుంది. ఇంతకు ముందు అందులో చల్లటి మజ్జిగ ఇచ్చేవాళ్లు. ఈసారి మజ్జిగ లేదు, ఏసీ లేదు, జనం మాత్రం నిండుగా ఉన్నారు. ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కొక్క తిరస్కరించిన వస్తువు. సంబంధం తప్పిపోయిన పిల్లను వెంటబెట్టుకుని వచ్చినట్టు కూర్చున్నారు. నా పక్కన హారన్లు చేసే ఆయన.

"మీదేం తప్పట?" అని అడిగాను.

"మోత ఎక్కువుందట బెహన్" అన్నాడు. "హారన్ కదా, మోత ఉండదా?"

ఎదురుగా కాళ్ల కింద వేసే రబ్బరు చాపల మనిషి. ఆయన చాపలు రబ్బరు వాసన వస్తున్నాయట. మరి మల్లెపూల వాసన రావాలా అని ఆయన బాధ. మూలన ఉన్న అద్దాల మనిషైతే ఇంకా ఘోరం. ఆయన అద్దాల్లో వెనక వచ్చే బండి మరీ స్పష్టంగా కనిపించి నడిపేవాడు బెదురుతున్నాడని రాశారట. మేమంతా ఒకరి కాగితాలు ఒకరం చదువుకుని ఎంత నవ్వామంటే, బంట్రోతు వచ్చి నెమ్మదిగా నవ్వండి అని కసిరాడు. నవ్వితే నవ్వాం గానీ, లోపల అందరికీ గుండెల్లో రాయి ఉంది.

నా వంతు వచ్చింది. సాహెబ్ నా మొహం చూడలేదు, బట్ట ముక్క చూశాడు.

"ఎర్ర గీత" అన్నాడు.

"మొదటి రోజు నుంచీ ఉంది. మీరే చూసి ఏముందిలే అన్నారు."

"రాతలో లేదు కదా."

"మా అవ్వ సర్వపిండి కూడా రాతలో లేదు సాహెబ్. తిన్నారా లేదా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు పెన్ను మూత తీశాడు, పెట్టాడు. చివరికి, "అంచు కోసేసి తీసుకురండి. అప్పుడు చూస్తాను" అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాను. అవ్వ వెంటనే కత్తెర ఎక్కడుందని వెతకబోయింది. బాపు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"కొయ్యద్దు."

"ఎందుకు కొయ్యద్దు? మగ్గాలు ఆగిపొయ్యినయ్. గోడల పక్కపొంటి బట్ట గోడ లేచింది. ఒక్క ఎర్రదారం కోసం కొంప ముంచుతవా?" అని నేను గొంతు చించుకున్నాను.

అప్పుడు చెప్పాడు బాపు, అన్నాళ్లూ చెప్పనిది. చాలా మెల్లగా చెప్పాడు. చప్పుడు మధ్య బతికి అరుపులకే అలవాటుపడ్డ మనిషి అంత మెల్లగా మాట్లాడితే భయమేసింది.

"అంచు లేని బట్ట ఎవలకు కప్పుతరో ఎర్కేనా బిడ్డా? మా నాయినకు నా చేతులతోని నేసి కప్పిన. అంచు పెట్టనియ్యలే. బతికున్నోళ్లకే అంచు అన్నరు. కార్లల్ల పిల్లలు కూసుంటరు, కడుపుతోనున్నోళ్లు కూసుంటరు. గసొంటి బట్ట మీద ఎట్ల కూసోబెడ్దు?"

  అవ్వ కత్తెర వెతకడం ఆపేసి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

కానీ నమ్మకాలతో మగ్గాలు తిరగవు. నాలుగు రోజులు పోయాక భంగార్ మనిషి వచ్చాడు. పాత ఇనుము కొనేవాళ్లను ఇక్కడ భంగార్ వాళ్లంటారు. మేం పిలవలేదు. ఆగిన మగ్గం ఎక్కడుందో వాళ్లకు ఎలా తెలుస్తుందో ఆ దేవుడికే తెలియాలి. ఖాతాలోకి వచ్చి, ఒక్కో మగ్గాన్నీ వేలి కణుపులతో టంగుమని కొట్టి చూశాడు, పుచ్చకాయలు బేరం చేసినట్టు.

"కాకా, ఇవి ఇక నడవవు. తూకానికి ఇచ్చేయండి. మీరు ఏదన్నా పెద్ద ఖాతాలో కూలికి చేరండి, అనుభవం ఉంది కదా."

అరవై దాటిన మనిషితో అన్న మాట అది. మొదట ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడికే పొమ్మన్నాడు. బాపు ఆయనకు చాయ్ ఇప్పించి, మర్యాదగా గేటు దాకా సాగనంపి వచ్చాడు. ఒక్కో మగ్గం దగ్గరా ఆగి, భంగార్ మనిషి కొట్టిన చోటల్లా అరచేత్తో తుడిచాడు. తర్వాత మా దగ్గరకు వచ్చి, "కొయ్యుండ్రి" అన్నాడు.

కోశాం. నేను, అవ్వ, పని లేక కూర్చున్న మగ్గాల మనుషులు, అందరం వరసగా కూర్చుని తానులు విప్పి అంచులు కోశాం. వేళ్లకు బొబ్బలొచ్చాయి. అవ్వ కోస్తూ కోస్తూ కత్తెర ఆపి, "ఓ అంచులయ్యా, మంచిగనే కుదిరిందయ్యా అంచు" అంది. ఎగతాళి చేద్దామనుకుందేమో, కోసిన ముక్కను కింద పడేయకుండా బాపు చేతికిచ్చింది. బాపు కత్తెర ముట్టలేదు. మేం కోసి పడేసిన అంచులన్నీ ఏరి, ఒకదాని కొనకు ఇంకొకటి ముడేసి ఉండలు చుట్టాడు. గుమ్మడికాయలంత ఎర్రటి ఉండలు ఒక మూలంతా నిండిపోయాయి.

కోసిన బట్టను టెంపోలో వేసుకుని నేనే వెంట పోయాను. కంపెనీ వాళ్లు ఒక తాను విప్పి, బల్ల మీద పరిచి, టేపు పెట్టి కొలిచారు. సాహెబ్ ఆ కొలత చూసి, నా వైపు చూసి, మళ్లీ టేపు వైపు చూశాడు.

"వెడల్పు తక్కువైంది" అన్నాడు.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు.

"అంచు కోశారు కదా. ఆ మేరకు వెడల్పు తగ్గింది. మా సీటు కొలత అంచుదాకా ఉంటుంది. కింద మలిచేందుకు చాలదు. తీసుకోలేం."

అంచుంటే అంచు ఉందని, అంచు తీస్తే అంచు లేదని! ఇక నేనేం మాట్లాడానో పూర్తిగా గుర్తులేదు. తెలుగులో మొదలుపెట్టి, హిందీలోకి దిగి, గుజరాతీలో ముగించానని మాత్రం బయట కూర్చున్న హారన్ల ఆయన తర్వాత చెప్పాడు. ఆయన హారన్లకంటే నా మోతే ఎక్కువుందట. చివరి మాటలు మాత్రం నాకు బాగా గుర్తున్నాయి. "మీకు అక్కర లేకపోతే అక్కర లేదని చెప్పండి. పడతాం, లేస్తాం, మా తిప్పలు మేం పడతాం. చేసిన పని తప్పని ఎందుకంటారు? మా బాపు రోజులుగా తన చేతుల వైపు చూసుకుంటున్నాడు సాహెబ్. ఆ చేతులేం తప్పు చేశాయి?"

సాహెబ్ లేచి తలుపు వేసి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. కిటికీ తెర పక్కకు లాగి, "ఇటు చూడండి" అన్నాడు. వెనక మైదానమంతా కార్లే. తెల్లవి, నీలివి, వరసలు వరసలుగా, అద్దాల మీద వేలితో రాయగలిగినంత దుమ్ము. ఒక కారు మీద కుక్క పడుకుని ఉంది.

"అమ్ముడుపోవడం లేదు. అక్కర లేదని మేం చెబితే ఒప్పందం ప్రకారం డబ్బు కట్టాల్సింది మేం. తప్పు మీదైతే మాకు బాధ్యత లేదు. అందుకే అందరి సరుకులో తప్పు వెతకమని నాకు చెప్పారు. వెతికాను. వెతకడమే ఇప్పుడు నా ఉద్యోగం." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీ బట్టలో ఏ తప్పూ లేదు. కాకాకు చెప్పండి."

తిట్టడానికి నోట్లో ఇంకా చాలా సామాను ఉంది నాకు. కానీ ఆ మనిషిని చూస్తే దాన్ని మింగేయాల్సి వచ్చింది. ఆయన కూడా వెనక మైదానంలోని కారులాగే ఉన్నాడు.

ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. బట్ట తీసుకోరని, ఇక ఆర్డర్లు లేవని, తప్పు కోసం కావాలనే వెతికారని. కుప్పకూలుతాడేమోనని బాపు పక్కనే నిలబడ్డాను. 

"అంటే అంచు తప్పు గాదన్నట్టు" అన్నాడు.

"కాదు బాపూ."

"సాబే అన్నడా?"

"సాబే అన్నడు."

"ఇగ సాలు తియ్యి" అని, ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు. ఖాతా మునిగిపోతుంటే ఈ మనిషికి ఆకలెలా వేసిందో అని నాకు చిరాకు, నవ్వు, ఏడుపు మూడూ కలిసి వచ్చాయి.

నాలుగు మగ్గాలు భంగార్‌కు పోయాయి. బాపు ఆ రోజు ఖాతాలో ఉండలేదు, ఎటో నడిచి వచ్చాడు. అంచు కోసిన బట్టను ఆటోల సీట్లు కుట్టేవాళ్లు తీసుకుపోయారు. మిగిలిన నాలుగు మగ్గాల మీద పాత చీరలు కప్పి ఉంచాం. ఊరికే కూర్చోలేక బాపు ఆ ఎర్రటి ఉండలు విప్పి ఒక మంచం అల్లాడు, నవారు మంచంలాగే. చూడటానికి పెళ్లిపందిరిలా ఉందది. ఖాతా ముందు వేసుకుని కూర్చుని, దారిన పోయే ప్రతివాడికీ అది దేనితో అల్లిందో చెప్పేవాడు. ఎండాకాలం అంతా అలాగే గడిచింది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం సాహెబ్ వచ్చాడు. తన స్కూటరు మీద, అదీ పెట్రోలు స్కూటరు మీద వచ్చాడు. నేను ఆ బండిని, ఆయన్ను మార్చి మార్చి చూశాను. "చార్జింగు దొరకదు బెహన్, ఏం చేయను" అని సిగ్గుపడ్డాడు. బాపు ఆయన్ను మంచం మీదే కూర్చోబెట్టాడు. కూర్చున్నాక కింద ఏముందో ఆయన గుర్తుపట్టాడు. లేవబోయాడు, బాపు భుజం పట్టి కూర్చోబెట్టాడు.

విషయం ఏమిటంటే, కార్లు మామూలు జనం కొనకపోయినా ట్యాక్సీల వాళ్లు కొన్ని కొంటున్నారట. చిన్న ఆర్డరే. నాలుగు మగ్గాలకు సరిపోతుంది.

"ఒకటే షరతు కాకా. ఈసారి పైవాళ్లే వచ్చి చూస్తారు. ఎర్ర గీత కనిపించకూడదు. కనిపిస్తే నేనూ ఏం చేయలేను, ఈ నాలుగు మగ్గాలూ పోతాయి."

నేను బాపు మొహం చూశాను. అవ్వ తలుపు చాటు నుంచి చూసింది. ఆయన మంచం పట్టీలను వేళ్లతో నిమిరాడు.

"కనబడది సాబ్" అన్నాడు.

 ఒప్పుకున్నాడు. ఒప్పుకోవాలనే ఇన్నాళ్లూ నేను అరిచింది. తీరా ఒప్పుకున్నాక, ఎందుకు ఒప్పుకున్నావని అరవాలనిపించింది. అవ్వ ఆ పూట సర్వపిండిలో ఉప్పు వేయడం మరిచిపోయింది. సాహెబ్ కిక్కురుమనకుండా తిని పోయాడు.

కొత్త ఆర్డరు మొదటి తాను మగ్గం దిగే రోజు సాహెబ్ ముందుగా తానే చూసుకుందామని వచ్చాడు. బట్ట విప్పి పరిచాం. ఈ కొన నుంచి ఆ కొన దాకా బొగ్గు రంగే, ఎక్కడా ఎరుపు లేదు. టార్చి వేసి చూశాడు. టేపు పెట్టి కొలిచాడు, వెడల్పు సరిగ్గా ఉంది. ఊపిరి పీల్చుకుని, బట్ట మడతపెడదామని అంచున చేయి వేసి ఆగిపోయాడు. బొటనవేలు వెనక్కి జరిపాడు. మళ్లీ ముందుకు జరిపాడు. నేను కూడా పోయి చేయి పెట్టాను. వేలెడు వెడల్పున బట్ట కొద్దిగా దళసరిగా, ఉబ్బెత్తుగా వేలికి తగిలింది. రెండు వైపులా, ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఎర్ర కండెలు తీసేసి, వాటి చోట అదే బొగ్గు రంగు దారం రెండు పోగులు కలిపి పెట్టాడు మా ఘనుడు.

సాహెబ్ బాపు వైపు చూశాడు. బాపు పైకప్పు వైపు చూశాడు.

ఆయన ఇంకోసారి టార్చి వేశాడు. నిదానంగా, రెండు వైపులా చూశాడు. "నాకేం కనిపించడం లేదు కాకా" అని టార్చి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అవ్వ వైపు తిరిగి, "సర్వపిండి ఉందా? ఈసారి ఉప్పుతో" అన్నాడు. పైవాళ్లు వచ్చి చూసిపోయారు, వాళ్లకూ ఏమీ కనిపించలేదు. మగ్గాలు మళ్లీ తిరిగాయి. ఎనిమిది కాదు, నాలుగే. ఆ చప్పుడుకు అవ్వ తలనొప్పి అని తిడుతూనే చాయ్ తెచ్చింది.

మొన్న బార్డోలీలో చుట్టాల ఇంట్లో తొట్టెల ఫంక్షను ఉంటే ముగ్గురం బయల్దేరాం. బస్సులో నిలబడి రాలేనని అవ్వ గునిసిందని ఫోన్లో ట్యాక్సీ పిలిచాను. వచ్చింది చూద్దుము కదా, ఆ కంపెనీ కారే! తెల్లటిది, కొత్తది, చప్పుడు లేకుండా మా గుమ్మం ముందు ఆగింది. వెనక తలుపు తెరిచాను. లోపల బొగ్గు రంగు సీటు.

బాపు ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయాడు. ఇన్నేళ్లు నేశాడు గానీ తన బట్ట మీద తాను కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన కూర్చుని జరిగాడు. నేను ముందు సీట్లో ఎక్కాను. అవ్వ మాత్రం చీర కుచ్చెళ్లు పట్టుకుని రోడ్డు మీదే నిలబడింది.

"ఎక్కవే" అన్నాడు బాపు.

"నేనెక్క."

"ఏమైంది?"

"ముందు సీటు కింద చెయ్యి పెట్టి సూడు. అంచుంటేనే ఎక్కుత. లేకుంటే బస్సుల వోత."

నేను వెనక్కి తిరిగి చూశాను. అవ్వ నవ్వడం లేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. అది మోత ఎక్కువ ఉన్న హారనే. "మాతాజీ, ఏం పోయింది? ఏం వెతుకుతున్నారు?" అని గొణిగాడు. బాపు వంగి, సీటు కిందికి మోచేయి దాకా చేయి దూర్చి తడిమాడు. చేయి ఒకచోట ఆగింది. అక్కడే కొంచెంసేపు ఉంది.

"ఉన్నది" అన్నాడు. "ఎక్కు."

అవ్వ ఎక్కి ఆయన పక్కన కూర్చుని తలుపు వేసుకుంది.